నల్లమల మీదుగా బైకుల మీద 3 రాత్రులు: టెంటు యాడ వేసుకోవచ్చు, బండికి ఏమేం చూసుకోవాల?

బురుజుకాడి పిల్లోడు, కర్నూలు

అన్నలందరికీ నమస్తే. సంక్రాంతి రద్దీ అయిపోయినాక జనవరి ఆఖర్లో ఇద్దరం రెండు బండ్ల మీద బయల్దేరాలని అనుకుంటున్నాం. ఒకటి కొత్త మోడల్ క్లాసిక్ 350, స్పోక్ చక్రాలది. ఇంకోటి హిమాలయన్ 411. 3 రాత్రులు, 4 పగళ్లు. ఆత్మకూరు–దోర్నాల రోడ్డులో అడవి నడుమ ఏదన్నా వాగు పక్కన ఒక రాత్రి టెంటు వేసుకోవాలని ఆశ. టెంటు ఉంది, చిన్న గ్యాస్ స్టవ్ ఉంది, 5 లీటర్ల పెట్రోల్ క్యాను కొందామనుకుంటున్నాం.

అడిగేది నాలుగే. అడవిలో టెంటుకు పర్మిషన్ ఎవరిస్తారు? పంచర్ పడితే మనమే వేసుకోవాలంటే ఏం సామాను పెట్టుకోవాలి? లగేజీ ఎంత, ఎట్ల కట్టాలి? తిండికి, నీళ్లకు ఏం చేయాలి?

బైర్లూటి బాట

తమ్ముడూ, అడవి నడుమ సొంత టెంటు అనే ఆలోచన ముందు తీసేయ్. పర్మిషన్ ఎవరిస్తారంటే, ఎవరూ ఇవ్వరు. నువ్వు పోయేది నాగార్జునసాగర్–శ్రీశైలం టైగర్ రిజర్వులోంచి. చానామంది దీన్ని నేషనల్ పార్కు అంటుంటారు, కాదు. మన సీమలో ఆ పేరున్నవి శేషాచలంలోని శ్రీవెంకటేశ్వర, కడప జిల్లాలో రామేశ్వరం దగ్గరి రాజీవ్ గాంధీ. ఆ రెండోది మొత్తం 2.4 చదరపు కిలోమీటర్లు, నాలుగో గేరు వేసేలోగా అయిపోతుంది. పేరు ఏదైనా నల్లమలలో కట్టుబాటు గట్టిదే.

చట్టం సంగతి తెలిస్తే చెక్‌పోస్టు దగ్గర తడబడే పని ఉండదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో సెక్షన్ 27 ప్రకారం అభయారణ్యంలోకి పర్మిట్ లేకుండా పోగూడదు. పబ్లిక్ హైవే మీద దాటిపోయే మనిషికి మాత్రం మినహాయింపు. ఆ మినహాయింపు రోడ్డుకే చెల్లుతుంది, రోడ్డు పక్కన వాగుకు చెల్లదు. బండి స్టాండు వేసి లోపలికి నడిస్తే నువ్వు పర్మిట్ లేకుండా దూరినట్టే లెక్క. సెక్షన్ 30 నిప్పు గురించి, 31 ఆయుధాల గురించి. ఆ చట్టంలో ఆయుధం అనే మాట కింద కత్తులు కూడా వస్తాయి. క్యాంపింగ్ అనంగానే మచ్చుకత్తి, కొడవలి కట్టుకుని బయల్దేరేవాళ్లు ఉంటారు, అవి ఇంట్లోనే ఉండనీ. డ్రోన్ కూడా అంతే.

శ్రీశైలం ఘాట్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా గేట్లు వేసేస్తారు. ఆత్మకూరు–దోర్నాల మధ్య కూడా చీకట్లో ఉండే ఆలోచన వద్దు. సాయంత్రం 5 దాటినాక అడవి రోడ్డు మొదలుపెట్టకు, పంచర్ పడితే గంట పోతుంది, అప్పటికి చీకటి.

మరి అడవిలో పడుకునే దారే లేదా అంటే ఉంది. ఆత్మకూరు అవతల బైర్లూటిలో అటవీశాఖ వాళ్ల జంగిల్ క్యాంపు ఉంది. టెంట్లు, కాటేజీలు వాళ్లవే, భోజనం కూడా అక్కడే. ముందే బుక్ చేసుకోవాలి, శని ఆదివారాలైతే ఇంకా ముందు. సఫారీ వాళ్ల జీపులోనే, నీ బండి గేటు దగ్గరే ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా మూస్తారు కాబట్టి నువ్వు అనుకున్న జనవరే మంచి కాలం. ఫిబ్రవరి నుంచి ఆకు రాలి, బోదగడ్డి ఎండి, ఒక్క బీడీ ముక్కకే కొండ అంటుకుంటుంది. అప్పుడు సిబ్బంది ఇంకా గట్టిగా ఉంటారు.

3 రాత్రులకు నేనైతే ఇట్ల వేస్తా. మొదటి రోజు కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు, బైర్లూటి. ఆత్మకూరుకు 70 కిలోమీటర్లు, మధ్యాహ్నానికల్లా చేరి సాయంత్రం సఫారీకి పోవచ్చు. రెండో రోజు అడవి దాటి దోర్నాల. అక్కడ ఎడమకు తిరిగితే శ్రీశైలం, మీరు అటు పోకుండా మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా వచ్చి గిద్దలూరు–నంద్యాల ఘాట్‌లో నల్లమలను రెండోసారి దాటండి. గాజులపల్లె నుంచి మహానంది దగ్గరే, సత్రంలో గది తీసుకోండి. ఆ చుట్టుపక్కల చిరుతల తిరుగుడు ఉంది, బయట పడుకోవద్దు. మూడో రోజు నంద్యాల, బనగానపల్లె, బెలుం గుహలు, జమ్మలమడుగు, గండికోట. మీ సొంత టెంటు కోరిక అక్కడ తీరుతుంది. నాలుగో రోజు తాడిపత్రి, గుత్తి మీదుగా ఇంటికి.

అడవి రోడ్డులో 40 దాటొద్దు. ఒక జింక దాటిందంటే వెనక ఇంకోటి ఉంటుంది. మొదటిది పోయింది కదా అని యాక్సిలరేటర్ తిప్పినప్పుడే రెండోది చక్రం కింద పడుతుంది. కోతులకు అరటిపండ్లు వేయడానికి ఆగొద్దు, వాటిని రోడ్డు మీదికి అలవాటు చేసి లారీల కింద పడేసేది ఆ దానమే. చెంచుగూడేల దగ్గర ఇండ్ల ముందర ఫోన్ ఎత్తి ఫోటోలు తీయొద్దు.

నంద్యాల స్పానర్

రూటు సంగతి అన్న చెప్పినాడు, బండి సంగతి నేను జెప్తా.

పెట్రోల్ క్యాను కొనాకు. క్లాసిక్ ట్యాంకు 13 లీటర్లు, హిమాలయన్‌ది 15. లీటరుకు 30 చొప్పున ఏసుకున్నా 390 కిలోమీటర్లు. ఆత్మకూరులో ఫుల్లు కొట్టిస్తే దోర్నాల దాకా 60 చిల్లర, ఆడ బంకు ఉంది. క్యానుతో వచ్చే లాభం సున్న. ఎండకు ప్లాస్టిక్ క్యాను ఉబ్బి మూత కాడ కారితే కింద సైలెన్సర్ ఉండాది. పైగా అడవి చెక్‌పోస్టులో పెట్రోల్ క్యాను కనపడితే వాళ్లు అడిగే ప్రశ్నలకు నీ కాడ జవాబు ఉండదు.

ఇంగ ట్యూబులు. రెండూ స్పోక్ బండ్లే, అంటే ట్యూబు టైర్లే. రెండు బండ్లకు నాలుగు సైజులు పడతాయి: క్లాసిక్ ముందర 19, వెనక 18, హిమాలయన్ ముందర 21, వెనక 17. నాలుగూ మోసే పన్లేదు. 21ది ఒకటి, 18ది ఒకటి పెట్టుకో. 21 ట్యూబు 19లో, 18ది 17లో అవసరానికి ఇరికించొచ్చు. కాకుంటే లోపల ముడత పడతాది, ఆ ముడత రాపిడికి కోసుకుపోతాది. 40 స్పీడు దాటకుండా ఊరు చేరి సరైన సైజు ఏయించుకోవాల.

సామాను: టైరు లివర్లు 3, రెండు బండ్ల యాక్సిల్ నట్లకు సరిపోయే స్పానర్లు, వాల్వు పీకే కీ, ప్యాచ్‌లు 8, సొల్యూషన్ ట్యూబు కొత్తది, గరుకు కాయితం, గాలి పంపు. సొల్యూషన్ పాతది తెచ్చుకోవాకు, ఒకసారి మూత తీసింది నెలలోపల గట్టిపడతాది, అవసరమప్పుడు నొక్కితే ఏమీ రాదు. కంపెనీ టూల్ కిట్టులో స్పానరు పిడి పొట్టి. షాపులో ఎయిర్ గన్నుతో బిగించిన నట్టు దాంతో కదలదు. ఇంటికాడే ఒకసారి రెండు చక్రాలు ఊడదీసి మల్లా చేత్తో బిగించుకో. అప్పుడే ఏ స్పానరు పనికొస్తాదో, ఏది రాదో తెలుస్తాది.

పంచర్ ఏసే ముందు టైరు లోపల గుడ్డతో తడిమి ముల్లు తియ్యి. వేలితో తడమాకు, సర్కారు తుమ్మ ముల్లు విరిగి రబ్బరులోనే ఉంటాది, వేలు చీలుస్తాది. అది తియ్యకుండా కొత్త ట్యూబు ఎక్కించినా రెండు కిలోమీటర్లకు మల్లా గాలి పోతాది. ట్యూబు గీకి, సొల్యూషన్ పూసి, 5 నిమిషాలు ఆరనియ్యి. అంటుకోకుండా మెరుపు పోయినప్పుడే ప్యాచ్. తడి మీద ఏసినది ఎండకు టైరు వేడెక్కంగానే జారిపోతాది. ట్యూబు లోపలికి పెట్టే ముందు అది గుండ్రంగా నిలబడేంత కొంచెం గాలి కొట్టు. చప్పిడి ట్యూబు లివరుకూ రిమ్ముకూ మధ్య నలిగి పాము కాటు మాదిరి రెండు బొక్కలు పడతాయి. కొత్తోళ్ల పంచర్లు సగం అవే. ఆఖరు లివరు వాల్వు కాడ ఏయి, దానికి ఎదురుపక్క టైరు అంచును కాలితో తొక్కి రిమ్ము నడి గాడిలో ఉంచు. టైరు అంచు ఎక్కకపోతే షాంపూ నీళ్లు పూయి, గ్రీజు పూయాకు.

గాలి: చెయిన్ పక్కన స్టిక్కరు మీద ఇద్దరు కూర్చునేదానికి రాసిన లెక్క ప్రకారం కొట్టించు, లగేజీ అంటే వెనకాల మనిషి లెక్కే. పొద్దున టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాల. మట్టి రోడ్డని 4–5 పీఎస్ఐ తగ్గించొచ్చు గానీ అంతకు మించి తగ్గిస్తే బ్రేకు పట్టినప్పుడు టైరు రిమ్ము మీద తిరిగి, దాంతో ట్యూబూ తిరిగి, వాల్వు మొదట్లోనే తెగిపోతాది. ఆ కాడ తెగినదానికి ప్యాచ్ పడదు.

చెయిన్: లగేజీ కట్టి, మనిషి కూర్చున్నాక చూడు. ఖాళీ బండికి సరిగ్గా ఉన్న చెయిన్ బరువు పడేసరికి బిగుసుకుంటాది, బేరింగులు గుంజుకుంటాయి. బరువుతో కూడా 20 మి.మీ. ఆడాల. క్లచ్ కేబులు, యాక్సిలరేటర్ కేబులు కొత్తవి కొని పాతదాని పక్కనే పరిచి టేపు చుట్టు. తెగితే రెండు చివర్లు మారిస్తే సరి, ట్యాంకు విప్పే పన్లేదు. ఇంగ ఫ్యూజులు, ఒక స్పార్క్ ప్లగ్గు, చెయిన్ లాక్ లింకు.

ఘాట్ దిగేటప్పుడు రెండో గేరో మూడో గేరో, ఇంజన్ పట్టు మీద దిగాల. న్యూట్రల్ ఏసి పెట్రోల్ మిగిలిద్దామనుకుంటే, వెనక బ్రేకు అదే పనిగా తొక్కి డిస్కు కాగి, ఆయిలు మరిగి పెడల్ మెత్తగా కిందికి పోతాది. లగేజీ బండి ఆగేదానికి ఎక్కువ దూరం కావాల.

బురుజుకాడి పిల్లోడు

అన్నా, ట్యూబులో పోసే సీలెంట్ జెల్ పోయించుకుంటే ఇదంతా తప్పుతుంది కదా? లగేజీ కట్టడం గురించి కూడా చెప్పండి. గండికోటలో మేకులు దిగవని విన్నా, నిజమా?

అనంత గేరు

సీలెంట్ గురించి స్పానర్ అన్న వద్దంటాడేమో, నేను పోయించుకోమంటా. సన్న ముల్లుకు పని చేస్తుంది. మన రోడ్ల మీద పది పంచర్లలో ఎక్కువ ముల్లువే. చీలికకు, లివరు కింద నలిగి పడిన బొక్కకు చేయదు.

నంద్యాల స్పానర్

వద్దనే అంటా. జెల్ పోసిన ట్యూబుకు బొక్క పడి అది మూసుకోకపోతే, లోపల జిగట అంతా బొక్క చుట్టూ కారి ఉంటాది, ఎంత గీకినా ప్యాచ్ పట్టదు. అడవి రోడ్డులో ఆ పని చేసేదానికన్నా ట్యూబు మార్చడమే సులభం. కొత్త ట్యూబులు పెట్టుకున్నోడు పోయించుకుంటే పోయించుకో, ప్యాచ్‌ల మీద ఆధారపడినోడు ముట్టుకోవాకు.

లగేజీ బండికి 20 కేజీలు, నీళ్లతో కలిపి. బరువైనవి కిందికీ, నీ నడుముకు దగ్గరికీ రావాల. నీళ్లు, స్టవ్, టూల్స్ పక్క సంచుల్లో. టెంటు, పరుపు లాంటి తేలికవి మాత్రం సీటు మీద అడ్డంగా. వెనక చక్రం యాక్సిల్ దాటి క్యారియర్ చివర్న బరువు పెడితే ముందర చక్రం తేలిపోయి 70 మీద హ్యాండిల్ ఊగుతాది. కుడి ఎడమలకు కేజీ కన్నా తేడా ఉండకూడదు. రెండు బండ్లకూ సైలెన్సర్ కుడిపక్కే, సంచికీ దానికీ బెత్తెడు సందు ఉంచు. కొక్కేల రబ్బరు తాడు మీద నమ్మకం పెట్టుకోవాకు, గుంతకు సాగి కొక్కెం ఊడి చక్రంలో పడితే స్పోకులు పోతాయి. బకిల్ ఉన్న పట్టాలు కొను, లేదంటే పాత సైకిల్ ట్యూబు కోసి కట్టు, అది జారదు. 20 కిలోమీటర్లకు ఒకసారి ఆపి మల్లా బిగించాల, లోపల బట్టలు సర్దుకుని వదులైతాయి.

పెన్నొడ్డు, జమ్మలమడుగు

నిజమే అబ్బీ, గండికోటంతా పలక బండ. మేకు నాలుగు అంగుళాలు గూడా దిగదు, కొట్టే కొద్దీ వంకర పోతాది. మేకులు లేకుండా తనంతట తాను నిలబడే డోమ్ టెంటు కావాల. ఒక్కో మూల తాడును తలకాయంత రాయి చుట్టూ తిప్పి, దాని మీద ఇంకో పెద్ద రాయి పెట్టు. కింద మందం టార్పాలిన్ పరుచు, టెంటు అంచుకన్నా రెండంగుళాలు లోపలికే ఉండాల. బయటికి వస్తే మంచు నీళ్లు దాని మీద పడి టెంటు కిందికి పారతాయి.

లోయ అంచున ఫోటో బాగుంటాది, టెంటు బాగుండదు. రాత్రి పెన్న లోయలోంచి గాలి పైకి కొడతాది, నిద్ర మత్తులో లేచినోనికి అంచు కనపడదు. కనీసం 50 మీటర్లు వెనక్కి, గోడో పొదో అడ్డం ఉన్న చోట ఏసుకో. తలుపు గాలికి ఎదురుగా పెట్టాకు. ఇసుక మెత్తగా ఉందని ఏటి కిందికి దిగొద్దు, వంకలో అసలొద్దు. ఇక్కడ చుక్క పడకపోయినా పైన కొండల్లో వాన పడితే వంక వచ్చేస్తాది. కోటలో టెంట్లు బాడిగకు గూడా దొరుకుతాయి, మోసే బరువు తగ్గించుకోవాలంటే అదీ ఒక దారి.

ఇంకో మాట. మీ రూటులో లేదు గానీ, ఎవరో ఒకరు బాగుంటాదని సిద్ధవటం, ఒంటిమిట్ట, కోడూరు పక్క అడవులకు పొమ్మంటారు. ఆ కొండలు ఎర్రచందనం కొండలు. రాత్రిపూట బండి, సంచులు, టార్చిలైటుతో అక్కడ కనపడితే మీరు క్యాంపింగ్ వాళ్లని ఎవరూ అనుకోరు. లంకమల పక్క పొదల అడవి గూడా కలివికోడి ఉండే చోటు. 1986లో మల్లా కనపడే దాకా అది లేదనే అనుకున్న పక్షి. ఆ చోటి మీద నుంచి టైర్లు తిప్పడం ఎందుకు?

తిండికి మీ కర్నూలోళ్లకు నేను చెప్పాల్నా, ఉగ్గాని. గ్యాస్ తక్కువ, బరువు తక్కువ. ఇద్దరికి బొరుగులు 200 గ్రాములు, పుట్నాల పొడి 4 చెంచాలు, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ, నూనె చిన్న సీసాలో. బొరుగులు నీళ్లలో ముంచి వెంటనే గట్టిగా పిండాల, నానితే ముద్ద. తాళింపులో వేసి రెండు నిమిషాలు. రాత్రికి ఎండు జొన్నరొట్టెలు, శెనక్కాయ పొడి. రొట్టె కటకటలాడేలా ఎండితే వారమైనా చెడదు. సంకటి మీద ఆశ పెట్టుకోవాకు, అది ఉడికేలోపు గ్యాస్ డబ్బా సగం పోతాది. లీటరు నీళ్లు మరగడానికి సుమారు 15 గ్రాముల గ్యాస్ పడతాది, గాలి కొడితే దానికి రెట్టింపు. 230 గ్రాముల డబ్బా ఒకటి చాలు. గాలికి అడ్డం రాళ్లు ఒకపక్కనే పెట్టు, చుట్టూ మూస్తే వేడి డబ్బాకే కొట్టి పేలుతాది. టెంటు లోపల స్టవ్ వెలిగించాకు, గాలి చెడిపోయి నిద్రలోనే పోతారు.

నీళ్లు జనవరిలో మనిషికి రోజుకు 3 లీటర్లు తాగడానికి, ఇద్దరికీ వంటకు 2. గండికోటకు ముందు జమ్మలమడుగులో నింపుకో. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు ఉండనీ. అవి అయిపోతే లీటరు నీళ్లకు 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు. చెంచా తలకొట్టి కొలవాల, ఉప్పు ఎక్కువైతే చెడ్డది.

పాములకు జిప్పే మందు. సాయంత్రం నుంచి జిప్పు మూసే ఉంచండి. కట్లపాము రాత్రి కింద పడుకున్నోళ్లనే కరుస్తాది, కరిచిన చోట వాపు గూడా సరిగా కనపడదు. బూట్లు లోపలే పెట్టుకుని పొద్దున దులిపి తొడుక్కోండి. రాళ్ల కింద చెయ్యి పెట్టే ముందు కట్టెతో కదపండి, టెంటుకు రాళ్లు ఏరేటప్పుడే ఆ పని. కరిస్తే కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు. కాలు కదలకుండా కట్టెకు కట్టి 108కి ఫోన్ కొట్టు. సిగ్నల్ ఉన్న చోటు టెంటు వేయకముందే చూసి పెట్టుకో.

బురుజుకాడి పిల్లోడు

క్యాను కొనడం మానేసినాం, బైర్లూటి బుకింగ్‌కు చూస్తున్నాం. చిన్న డౌటు: ఎర్రగడ్డ కోసే కత్తి తెచ్చుకుంటే బైర్లూటిలో ఇబ్బందా? బొరుగులు సంచిలో నలిగి పిండి కావా?

బైర్లూటి బాట

చట్టం లెక్కలో వంట కత్తి కూడా కత్తే, తేకపోవడమే మేలు. తెస్తే సంచి అడుగున ఉండనీ, చేతిలో పట్టుకుని తిరగొద్దు. క్యాంపులో భోజనం వాళ్లే పెడతారు, నీకు గండికోట దాకా దాంతో పనే లేదు. చెక్‌పోస్టులో సంచి విప్పమంటే ముందే చెప్పేసేయ్, అడిగినాక బయటికి తీయడం కన్నా అది మేలు. నీళ్లకు స్టీలు బాటిళ్లే తెచ్చుకో, ప్లాస్టిక్ సీసాలు, కవర్లు గేటు దగ్గరే తీసేయిస్తారు.

పెన్నొడ్డు, జమ్మలమడుగు

బొరుగులు స్టీలు డబ్బాలో కూరి మూత పెట్టు. ఆ డబ్బాలోనే నీళ్లు పోసి వెంటనే పిండు, ఆ డబ్బాలోనే తిను, గిన్నె ఒకటి తగ్గుతాది. పుట్నాల పొడి మాత్రం వేరే పొట్లంలో, తేమ తగిలితే ముక్కిపోతాది.